మూడో వానాకాలానికి స్టైలో ఎందుకు మిగలదు

ఉత్తర తెలంగాణ చల్కా (ఎర్ర ఇసుక) నేలల్లో అంజన్ గడ్డితో కలిపి స్టైలో అనే పప్పుజాతి మేత మొక్కను చల్లిన బీడు మొదటి రెండేళ్లు ఒక తీరుగా, మూడో ఏడు నుంచి మరో తీరుగా కనిపిస్తుంది. మృగశిర కార్తెలో చల్లిన విత్తనం మొదటి ఏడు మెల్లగా లేస్తుంది. రెండో ఏడు దసరా నాటికి మోకాలెత్తున గుబురు కట్టి, పసుపుపచ్చని చిన్న పూలతో నిండిపోతుంది. మూడో ఏడు పుబ్బ కార్తెలో వెళ్లి చూస్తే గడ్డి దుబ్బుల నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి నల్లబడిన కాడలే మిగిలి ఉంటాయి. ఆకుల మీద మచ్చలు కనిపిస్తాయి కాబట్టి తెగులే దాన్ని మింగేసిందన్న నిర్ణయానికి రావడం తేలిక. ఆ నిర్ణయంలో నిజం సగమే ఉంది. చాలా బీళ్లలో మచ్చ తెగులు తగిలేనాటికే స్టైలో నీడకు చిక్కి, గింజ పెట్టే అదను కోల్పోయి, సంఖ్యలో పలచబడి ఉంటుంది. తెగులు దానికి చివరి దెబ్బ అవుతుంది. ఈ క్రమం తెలియకపోతే ప్రతి మూడేళ్లకూ కొత్త విత్తనం కొని చల్లడం, మళ్లీ పోగొట్టుకోవడం తప్పదు.

పప్పుజాతి మొక్క బీడులో ఎందుకు ఉండాలన్న సంగతి ముందు తేల్చుకోవాలి. వేసవిలో గుట్టల మీద, కంచెల్లో, గైరాన్ (ఊరుమ్మడి మేపు) భూముల్లో మిగిలే ఎండుగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే ఉంటాయి. పశువు కడుపులో పీచును అరిగించే సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మేతలో సుమారు ఏడు శాతం మాంసకృత్తులు కావాలి. అంతకు తగ్గితే గడ్డి ఎదురుగా ఉన్నా పశువు తినగలిగేదే తగ్గిపోతుంది, తిన్నది కూడా కడుపులో ఎక్కువ సేపు నిలిచిపోతుంది. స్టైలో పచ్చిగా ఉన్నప్పుడు 12 నుంచి 15 శాతం వరకు మాంసకృత్తులు ఇస్తుంది, ఎండుగడ్డితో పాటు కొద్దిగా అందినా ఆ గడ్డి ఒంటబడుతుంది. 2012 పశుగణనలో సుమారు 1.28 కోట్లుగా ఉన్న తెలంగాణ గొర్రెల సంఖ్య 2019 నాటికి సుమారు 1.90 కోట్లకు చేరింది. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు ఇచ్చిన 20 గొర్రెలు, ఒక పొట్టేలు కూడా ఏదో ఒక బీడు మీద మేయవలసినవే. అదే కాలంలో కాలువ నీళ్లు, బోర్లు అందిన చోటల్లా చల్కాలు వరి మళ్లుగా మారాయి. మంద పెరిగి మేపు నేల తగ్గిన చోట ఉన్న బీడు నుంచే మెరుగైన మేత తీయాలి. అందుకు గడ్డిలో పప్పుజాతి మొక్కను నిలబెట్టడం కంటే చవకైన మార్గం ఈ నేలల్లో మరొకటి కనిపించదు.

నిలబడటం అనే మాటకు ఇక్కడ అర్థం ఏమిటో స్పష్టంగా చూడాలి. మామిడి చెట్టు నిలబడటం వేరు, స్టైలో నిలబడటం వేరు. మన దగ్గర ఎక్కువగా చల్లే స్టైలో హెమాటా మొక్క ఆయుష్షు మహా అయితే రెండు మూడేళ్లు, గట్టి ఎండాకాలం వస్తే ఒక్క ఏడాదితోనే ముగిసిపోతుంది. పొద లాగా పెరిగి లోతుగా వేరు తన్నే స్టైలో స్కాబ్రా ఇంకా కొన్నేళ్లు బతుకుతుంది గానీ దానికీ ముసలితనం ఉంటుంది. కాబట్టి అయిదో ఏట కూడా బీడులో స్టైలో కనిపిస్తున్నదంటే అవి మొదట మొలిచిన మొక్కలని అనుకోరాదు, వాటి గింజల నుంచి లేచిన రెండో తరమో, మూడో తరమో అయి ఉంటాయి. చనిపోయిన ప్రతి మొక్క స్థానంలో తొలకరికి మరో మొక్క లేచిందా లేదా అన్నదే లెక్క. ఊళ్లో ముసలివాళ్లు పోతూ పిల్లలు పుట్టకపోతే ఏ మహమ్మారీ రాకుండానే ఊరు ఖాళీ అవుతుంది. మూడో ఏట చాలా బీళ్లలో జరిగేది ఇదే.

స్టైలో గింజ తీరు ఈ లెక్కకు అనుకూలమే. పై తొక్క గట్టిది, కొత్త గింజల్లో చాలా భాగం మొదటి వానకు నీరు పీల్చకుండా నేలలోనే ఉండిపోతాయి. రోహిణి కార్తె ఎండలు ఆ తొక్కను కొంత కొంతగా మెత్తబరుస్తాయి, అందుకే ఒకే ఏట రాలిన గింజ రెండు మూడేళ్లలో విడతలుగా మొలుస్తుంది. విత్తేవారు గింజను 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ముంచి తీయడం ఈ తొక్క కోసమే. తొలకరి జల్లుకు లేచిన మొలకలన్నీ తర్వాతి వానరాక ఎండిపోయినా, నేలలో మిగిలిన గట్టి గింజ మరో అదనుకు మొలుస్తుంది. హెమాటా కాయకు చివర చిన్న కొక్కెం ఉంటుంది, అది గొర్రె బొచ్చుకు పట్టుకుని బీడు దాటి పోతుంది. పశువు మింగిన గట్టి గింజల్లో కొన్ని పేడతో పాటు చెక్కుచెదరకుండా బయటికి వచ్చి అక్కడే మొలుస్తాయి. ఇన్ని దారులున్న మొక్క మూడేళ్లలో ఎందుకు మాయమవుతుందన్నదే అసలు ప్రశ్న.

మొదటి కారణం నీడ. అంజన్, గినీ వంటి గడ్డి జాతులు వేడిలోనూ వెలుతురులోనూ వేగంగా పెరిగే తరహావి. ఆగస్టు నాటికి అవి నడుము ఎత్తుకు లేస్తే, జూన్‌లో మొలిచి ఇంకా నాలుగు ఆకుల మీద ఉన్న స్టైలో మొలకకు పొద్దు అందదు. పెద్ద మొక్క పక్కకు పాకి ఎలాగో బతుకుతుంది, మొలక మాత్రం బతకదు. పైనుంచి చూస్తే పచ్చగా, దట్టంగా, ఆరోగ్యంగా ఉన్న బీడులోనే అడుగున రెండో తరం పోతుంటుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. పప్పుజాతి వేర్ల బుడిపెల్లో చేరే నత్రజని, ఆకులు రాలి, వేర్లు కుళ్లి, పశువుల పేడ మూత్రాలుగా మారి చివరికి నేలలో కలుస్తుంది. దాన్ని ముందుగా లాక్కునేది దట్టమైన పీచు వేర్లున్న గడ్డే. అంటే స్టైలో ఎంత బాగా పనిచేస్తే దాని పక్కనున్న గడ్డి అంత ఏపుగా లేచి దానికే నీడ పట్టే పరిస్థితి ఏర్పడుతుంది. కలిపి చల్లిన బీళ్లలో గడ్డి పాలు ఒక ఏడు, పప్పుజాతి పాలు మరో ఏడు పెరిగి తరుగుతూ ఉండటం సహజమే, అలా ఊగిసలాడటానికి నేలలో గింజ నిల్వ ఉండాలి. ఈ దశలో గడ్డి ఇంకా పెరగాలని యూరియా చల్లితే తూకం పూర్తిగా గడ్డి వైపు ఒరిగిపోతుంది. కలిపి చల్లిన బీడుకు యూరియా వేయడం ఆ బీడులోని స్టైలోను చేజేతులా తీసేయడంతో సమానమని గట్టిగానే చెప్పాలి. చల్కా నేలల్లో కొరత ఎక్కువగా ఉండేది భాస్వరానికి, సూపర్ ఫాస్ఫేట్ వేస్తే బుడిపెలు కట్టడం మెరుగవుతుంది. వేరును జాగ్రత్తగా తవ్వి తీసి ఒక బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల గులాబీ ఎరుపు కనిపించాలి. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఆ మొక్క నత్రజని చేర్చడం లేదనే అర్థం.

రెండో కారణం మేపు కాలం, ఈ విషయంలో మన ఊళ్ల పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి. స్టైలో మేపుకు ఓర్చే మొక్క. కింది కొమ్మలు నేలకు దగ్గరగా ఉండటం వల్ల పైభాగం మేసినా కింద నుంచి చిగురిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియా బీళ్లలో గమనించినదేమిటంటే, వానలు మొదలైన నెలల్లో పశువులు లేత గడ్డినే ఎక్కువగా మేస్తాయి, గడ్డి ముదిరి పీచు పట్టాక స్టైలో వైపు తిరుగుతాయి. అంటే ముసురు రోజుల మేపు గడ్డిని అణచి స్టైలోకు వెలుతురు ఇస్తుంది, వానలు వెనుకబట్టాక మేపు స్టైలో పూతను తింటుంది. హెమాటా పూత సెప్టెంబరులో మొదలై కాయ ముదిరి రాలడం నవంబరు, డిసెంబరు దాకా సాగుతుంది. ఇప్పుడు సొంత భూమిలో కంచె వేసుకుని కలిపి చల్లిన రైతు సాధారణంగా చేసేది చూడండి: జూలై, ఆగస్టుల్లో గడ్డి ఎదగనివ్వాలని మందను రానివ్వడు, అక్టోబరులో ఇక చాలునని తెరిచేస్తాడు. రెండు పనులూ స్టైలోకు ఎదురుగానే ఉన్నాయి. గడ్డిని అణచవలసిన రోజుల్లో వదిలేసి, గింజ కట్టవలసిన రోజుల్లో మేపినట్టు అవుతుంది.

ఊరుమ్మడి బీళ్ల సంగతి వేరు. వానాకాలం పైర్లు నిలబడి ఉన్నంత కాలం జీవాలకు గుట్ట, గైరాన్ తప్ప మరో దిక్కు లేదు. వరి కోతలు అయ్యాక, పత్తి ఏరడం చివరికొచ్చాక మందలు కొయ్యకాళ్ల మీదికి దిగుతాయి, రాత్రి పూట పొలాల్లో మంద పెట్టించుకునే రైతులూ ఉంటారు. పాత రోజుల్లో ఈ మార్పుతో స్వాతి, విశాఖ కార్తెల నుంచి బీడుకు కొంత తెరిపి దొరికేది. ఇప్పుడు వానాకాలం వరి కోసిన వెంటనే యాసంగి నారు పోస్తున్నారు. కొయ్యకాళ్ల మీద మేపే రోజులు కుంచించుకుపోయి, ఆ రోజుల్లోనూ మంద బీడు మీదే నిలుస్తున్నది. వేసవికి గోదావరి ఒడ్డు అడవుల వైపు మందలు కదిలిపోయేనాటికి స్టైలో కాయ మిగలడం లేదు. ఇది ఏ కాపరి తప్పూ కాదు. నీటి వసతి మారినప్పుడు మేపు కాలం కూడా మారింది, స్టైలో పూత కాలం మాత్రం మారలేదు.

ఇక తెగులు. స్టైలో మచ్చ తెగులుకు కారణం కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ అనే శిలీంద్రం. ఈ పేరు వరంగల్ రైతుకు పూర్తిగా కొత్త కాదు. మిరపలో కాయకుళ్లు, కొమ్మ ఎండు తెచ్చే శిలీంద్రాలది ఇదే కుటుంబం. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా కోసి చూసి తాలు కాయగా వేరు చేసే వాటిలో చాలా భాగం వెనుక ఆ కుళ్లే ఉంటుంది. జగిత్యాల మామిడి తోటల్లో పూత మాడి, కాయ మీద నల్ల మచ్చ పడటం కూడా ఈ కుటుంబం పనే. అయితే మామిడి తోటలో చల్లిన స్టైలోకు మామిడి నుంచి తెగులు పాకుతుందని తొందరపడరాదు. ఈ శిలీంద్రంలో ఏ పైరుకు అలవాటు పడిన తెగ ఆ పైరునే గట్టిగా పట్టుకుంటుంది. పోలిక ఉన్నది వాటి నడతలో. మూడింటికీ 25 డిగ్రీల దరిదాపు చల్లదనం, ఆకు మీద గంటల తరబడి ఆరని తడి కావాలి. వరంగల్ ప్రాంతంలో ఏడాది వానలో సుమారు అయిదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడతాయి. ఆశ్లేష, మఖ కార్తెల ముసురులో ఈ రెండు షరతులూ రోజుల తరబడి తీరుతాయి.

మచ్చను చేతిలోకి తీసుకుని చూడటం మేలు. స్టైలో ఆకుకు మూడు చిన్న ఆకులుంటాయి. వాటి మీద మొదట గుండుసూది తలంత గోధుమ చుక్కలు పడి, నడుమ బూడిద రంగుకు తిరిగి, అంచు ముదురుగా మిగులుతుంది. ఆకు పసుపుబారి రాలిపోతుంది. కాడ మీది మచ్చ ఇంతకంటే ప్రమాదకరమైనది. అది పొడవుగా నల్లగా సాగి, చుట్టూ కమ్మితే పై కొమ్మ మొత్తం వాడిపోతుంది. అలాంటి కాడను తడి గుడ్డలో చుట్టి మూత డబ్బాలో రెండు రోజులు ఉంచి తీస్తే, మచ్చ మీద నారింజ, గులాబీ కలిసిన రంగులో చిన్న జిగురు చుక్కలు కనిపించవచ్చు. అవే శిలీంద్ర బీజాల ముద్దలు. అవి గాలికి పొడిలా ఎగరవు. వాన చినుకు పడినప్పుడు ఆ జిగురు కరిగి చిందిన నీటితో పక్క ఆకుకు చేరుతాయి. నీడ వల్ల ఎండిపోయిన మొక్కకూ, తెగులుతో చచ్చిన మొక్కకూ తేడా తెలియాలంటే ఈ చిన్న పరీక్షే చాలు, దీనికి ప్రయోగశాల అక్కరలేదు.

బీజం చినుకుతో చిందుతుందన్న సంగతి నుంచి కలిపి చల్లిన బీడుకు సంబంధించి రెండు ఎదురెదురు ఫలితాలు వస్తాయి. స్టైలో మొక్కల నడుమ గడ్డి దుబ్బులు ఉంటే చిందిన చినుకులో కొంత గడ్డి మీదే పడి వృథా అవుతుంది. ఆ శిలీంద్రానికి గడ్డి పనికిరాదు. ఒంటిగా చల్లిన స్టైలో కంటే కలిపి చల్లినది మేలయ్యేది ఇక్కడే. కానీ గడ్డి నడుము ఎత్తుకు పెరిగితే అడుగున గాలి ఆడదు, పొద్దుటి మంచు మధ్యాహ్నం దాకా ఆరదు, చిందిన కొద్ది బీజమూ మొలకెత్తుతుంది. ముసురులో మందను తిప్పి గడ్డిని మోకాలి కిందకు దింపితే మొలకకు వెలుతురు అందుతుంది, ఆకు తడి త్వరగా ఆరుతుంది, మచ్చపడిన ముదురు కొమ్మలు కొన్ని మేతలోనే పోతాయి. నీడ మీద చేసిన చికిత్స తెగులు మీద కూడా పనిచేయడం యాదృచ్ఛికం కాదు. రెండింటి వేరూ ఒకటే.

అయినా తెగులును తక్కువ చేసి చూడరాదని ఆస్ట్రేలియా అనుభవం చెబుతుంది. దక్షిణ, మధ్య అమెరికాల నుంచి అనుకోకుండా వచ్చిన స్టైలో హ్యూమిలిస్ అనే ఏకవార్షిక జాతి, 20వ శతాబ్దం తొలినాళ్ల నుంచి క్వీన్స్‌లాండ్‌లో పాకి, టౌన్స్‌విల్ పట్టణం పేరుతో ప్రసిద్ధి పొందింది. పశువుల మేతకు దాన్ని లక్షల ఎకరాల్లో చల్లారు. 1970ల మొదట్లో అక్కడ మచ్చ తెగులు కనిపించింది, ఆ దశాబ్దం ముగిసేలోపే ఆ జాతి మేత పైరుగా పనికిరాకుండా పోయింది. ఏకవార్షికం కావడమే దాన్ని దెబ్బతీసింది. ఏటా గింజ మీదే బతికే మొక్కకు పూతదశలో తెగులు తగిలితే మరుసటి ఏడు లేనట్టే. దాని స్థానంలో హెమాటా, స్కాబ్రాల నుంచి ఎంపిక చేసిన రకాలు వచ్చాయి. స్కాబ్రాలో సీకా అనే రకం నిలిచింది, ఫిట్జ్‌రాయ్ అనే రకం విడుదలైన కొన్నేళ్లకే తెగులుకు లొంగిపోయింది. ఆ తర్వాత 1990లో వచ్చిన సిరాన్‌లో ఒకే వంశం బదులు తట్టుకునే గుణం వేర్వేరుగా ఉన్న మూడు స్కాబ్రా వంశాలను కలిపి ఇచ్చారు. ఒక వంశాన్ని శిలీంద్రం జయించినా మిగిలిన రెండు నేలను నింపుతాయన్నది అందులోని ఆలోచన.

ఆ ఆలోచన మనకు కూడా సరిగ్గా సరిపోతుంది, అయినా మన దగ్గర ఆచరణలో లేదు. మన బీళ్లలో చల్లే హెమాటా విత్తనంలో చాలా భాగం అనంతపురం వైపు రైతులు పండించినది. అక్కడ కాయ రాలాక నేలను ఊడ్చి, మట్టి చెరిగి గింజ తీస్తారు. ఇంత చక్కని పని నేర్చిన రైతులు అక్కడ ఉండటం వల్లే మనకు విత్తనం అందుతున్నది. కానీ ఒకే జాతి, ఒకే రకం ఏళ్ల తరబడి చల్లుతూ పోతే శిలీంద్రం దానికి అలవాటు పడే వీలు పెరుగుతుంది. 1962లో ఏర్పడిన ఝాన్సీలోని భారత పచ్చిక బయళ్ల, పశుగ్రాస పరిశోధన సంస్థతో పాటు ఇతర కేంద్రాల్లోనూ పరీక్షించిన స్టైలో సీబ్రానా మచ్చ తెగులును బాగా తట్టుకున్నది. త్వరగా కాపుకొచ్చే హెమాటా, ఎక్కువ కాలం బతికే స్కాబ్రా, తెగులుకు ఓర్చే సీబ్రానా మూడింటినీ కలిపి చల్లడం ఒక్క హెమాటా చల్లడం కంటే ఎన్నో రెట్లు భద్రం. మందు పిచికారీ గురించి అడిగేవారుంటారు. మిరపకు ఆ ఖర్చు గిట్టుతుంది, బీడుకు గిట్టదు, పైగా జీవాలు మేసే ఆకు మీద శిలీంద్రనాశిని చల్లడం మంచిదీ కాదు.

నల్లరేగడి నేలల్లో హెమాటా, స్కాబ్రాల గురించి ఇంత ఆలోచించనక్కరలేదు, అక్కడ అవి బాగా రావు. రేగడికి దశరథ గడ్డి అని పిలిచే పప్పుజాతి మేత మొక్క మేలు. దానికి స్టైలో మచ్చ తెగులు బెడద లేదు, గింజ విపరీతంగా రాలుస్తుంది, కోసినా మేపినా మొదలు నుంచి చిగురిస్తుంది. లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేతను నీటి వసతి ఉన్న పాడి రైతులు కొద్దిగా వేస్తారు. ముసురులో నీరు నిలిచి వేరు కుళ్లడం, విత్తనంతో పాటు బంగారు తీగ అనే పరాన్న కలుపు రావడం దానికి రెండు పెద్ద చిక్కులు. బంగారు తీగ చుట్టిన మడిని అక్కడికక్కడే కోసి తగలబెట్టకపోతే అది పొలమంతా అల్లుకుంటుంది. అలసంద, పిల్లిపెసర ఒక కారు పైర్లు, వాటికి పేనుబంక, పల్లాకు తెగులు వచ్చినా నష్టం ఆ కారుతోనే పోతుంది.

స్టైలో బీడుకు చేయవలసింది ఏడాది పొడవునా చేసే పని కాదు, మూడు అదనులు పట్టుకోవడం. పునర్వసు నుంచి మఖ దాకా, అంటే జూలై రెండో వారం నుంచి ఆగస్టు చివరి దాకా మందను విడతలు విడతలుగా తిప్పి గడ్డిని అణచాలి. నేల బురదగా ఉన్న రోజుల్లో మాత్రం దింపరాదు, గిట్టల కింద మొలకలు నలుగుతాయి. ఉత్తర కార్తె నుంచి డిసెంబరు మధ్య దాకా బీడులో కనీసం మూడో వంతును మూసి ఉంచాలి. ఏటా వేరే భాగాన్ని మూస్తే మూడేళ్లలో బీడంతటికీ ఒకసారి గింజ నిల్వ చేరుతుంది, మందకు మేత కూడా ఆగదు. డిసెంబరు తర్వాత మూసిన భాగాన్ని తెరిచి మేపితే రాలిన కాయ గిట్టల కింద నేలకు అదిమి ఉంటుంది, మిగిలిన ఎండుగడ్డి తగ్గి వేసవిలో నిప్పు అంటుకునే ప్రమాదమూ తగ్గుతుంది.

ఉమ్మడి బీడులో మూడో వంతును మూయడం కాపరులంతా కూర్చుని ఒప్పుకుంటేనే సాధ్యం. గొర్రెల పెంపకందారుల సంఘాలు ఉన్న ఊళ్లలో ఆ మాట కుదుర్చుకునే వీలు ఉంది. వాళ్లకు చూపడానికి లెక్క చేతిలో ఉండాలి, అది కష్టమైనది కాదు. నాలుగు కర్రలు కట్టి మీటరు చదరపు చట్రం ఒకటి చేసుకుని, బీడులో పది చోట్ల వేసి, జూన్ చివర ఎన్ని స్టైలో మొలకలున్నాయో, అక్టోబరు మొదట్లో వాటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. జూన్‌లోనే మొలకలు లేకపోతే లోపం నిరుటి గింజలో ఉంది, మూసే పని సరిగా జరగలేదు. జూన్‌లో ఉండి, అక్టోబరుకు మచ్చ లేకుండానే పాలిపోయి, సన్నగా సాగి చచ్చిపోతే లోపం గడ్డి ఎత్తులో ఉంది. మచ్చపడి చచ్చిపోతే, తడి గుడ్డలో ఉంచిన కాడ మీద నారింజ చుక్కలు కూడా కనిపిస్తే, అప్పుడు విత్తనం మార్చాలి. మళ్లీ ఒక్క హెమాటానే తేకుండా, స్కాబ్రా, సీబ్రానాలను కలిపి తొలకరికి పలచగా పైచల్లడానికి ఏర్పాటు చేసుకోవాలి.